పిల్లి నట్టలకి పత్తి మందు కొట్టమాకండి

మా వైపు పొలం ఉన్న ఇంట్లో పిల్లి లేకుండా ఉండదు. ముచ్చటకి పెంచేవాళ్ళు తక్కువే. మిరప టిక్కీలు, పత్తి బోరేలు, కంది బస్తాలు, విత్తనాల సంచులు ఇంట్లో ఉంటయ్ కాబట్టి ఎలక వచ్చిద్ది. ఎలక వచ్చిద్ది కాబట్టి పిల్లి ఉంటది. జీతం బత్తెం లేని కాపలా అది. దాని కడుపులో ఏముందో మాత్రం ఎవరికీ పట్టదు. గేదె మేత మానేస్తే తెల్లారకముందే ఫోన్ చేస్తారు. పిల్లి బక్కచిక్కిపోతే "పిల్లే గదా" అంటారు.

నేను పశువుల డిప్లొమా చదివి, పర్చూరు, చిలకలూరిపేట మధ్య పల్లెల్లో డాక్టర్ల కింద పనిచేస్తా. గేదెలు, మేకలు నా రోజువారీ పని. ఈ మధ్య మాత్రం కుర్రాళ్ళ నుంచి వాట్సాప్‌లో పిల్లి ఫొటోలు వస్తన్నయ్. తోక కింద తెల్లటి గింజలు, లేకపోతే గచ్చు మీద కక్కిన సేమ్యా లాంటి పురుగులు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఏం మందు కొట్టాలి?" పురుగు కనపడితే మందు కొట్టడమే మనకి తెలిసిన వైద్యం. పత్తికైనా, మిరపకైనా, పిల్లికైనా అదే మాట. ఆ "కొట్టాలి" అన్న మాట కాడే నాకు భయమేసిద్ది. అందుకే ఇది రాస్తన్నా.

నట్టల్లో రకాలు

మేకల వాళ్ళు నట్టలు అంటారు, బళ్ళో నులిపురుగులు అంటారు. పిల్లికి వచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు. ఏది వచ్చిందో తెలిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే ఒకే మందు అన్నిటికీ పనిచెయ్యదు.

మొదటిది ఏలిక పాము జాతి. మనుషులకి వచ్చేదానికి చుట్టమే గానీ అదే పురుగు కాదు. పిల్లికి వచ్చేదాని పేరు టాక్సోకారా క్యాటి. తెల్లగా, గుండ్రంగా, 10 సెంటీమీటర్ల దాకా పెరిగిద్ది. పిల్లి కక్కినప్పుడు సేమ్యా లాగా చుట్టలు చుట్టుకుని పడేది ఇదే. ఇది తల్లి పాల ద్వారానే కూనకి వచ్చేస్తది. అంటే కళ్ళు తెరిచీ తెరవని కూనకి, గడప దాటని కూనకి కూడా నట్టలు ఉండొచ్చు. ఒళ్ళంతా ఎముకలు, పొట్ట మాత్రం కుండలాగా, బొచ్చు గరుగ్గా ఉంటే అది పాలు తాగి బలిసిన పొట్ట కాదు, నట్టల పొట్ట.

రెండోది బద్దె పురుగు. ఇది రిబ్బన్ లాగా చిన్న చిన్న ముక్కలు అతికినట్టు ఉంటది. చివరి ముక్కలు ఊడి బయటికొస్తయ్. తోక కింద, పిల్లి పడుకున్న గోనె మీద బియ్యపు గింజల్లాగా కనపడేవి ఇవే. పచ్చిగా ఉన్నప్పుడు దోస గింజలాగా ఉండి కదులుతయ్, ఎండితే నువ్వు గింజలాగా ముడుచుకుపోతయ్.

మూడోది కొంకి పురుగు. ఇది కంటికి కనపడటం అరుదు. సన్నగా, సెంటీమీటరు పొడవుంటది. పేగు గోడని కొరికి రక్తం తాగిద్ది. పిల్లి చిగుళ్ళు పైకెత్తి చూడండి. గులాబీ రంగులో ఉండాల్సినవి తెల్లగా పాలిపోయి ఉంటే, దొడ్డికి నల్లగా తారులాగా పోతే దీన్ని అనుమానించాలి. కూనలకి ఇదొస్తే ఆగకూడదు, ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

మాత్ర వేసినా మళ్ళీ ఎందుకొస్తయ్

నాకు ఎక్కువసార్లు వినపడే మాట ఇది: "మాత్ర వేశాం, పోయినయ్, ఇరవై రోజులకి మళ్ళీ వచ్చినయ్. ఆ మందు డూప్లికేట్ అన్నా." చాలాసార్లు మందు తప్పేమీ ఉండదు. పురుగు వచ్చిన దారి అట్టాగే తెరిచి ఉంటది.

పిల్లికి బద్దె పురుగు వచ్చే దారులు రెండు. ఒకటి ఒంటి మీద ఉండే ఫ్లీ పురుగు. మనోళ్ళు దీన్ని కూడా గోమారి అనేస్తారు గానీ రెండూ ఒకటి కాదు. గోమారి చర్మాన్ని కరుచుకుని ఒకచోట కూచుంటది. ఫ్లీ పక్కలకి నొక్కినట్టు పల్చగా, గోధుమ రంగులో ఉంటది, వేలు పెడితే దూకి పోద్ది. బద్దె పురుగు గుడ్లని నేల మీద ఉన్న ఫ్లీ పిల్లలు తింటయ్. ఆ పిల్ల పెద్ద ఫ్లీ అయ్యి పిల్లి ఒంటి మీదకి ఎక్కిద్ది. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటానే ఉంటది గదా, ఆ నాకడంలో ఫ్లీని మింగిద్ది. ఫ్లీ కడుపులో ఉన్న బద్దె పిల్ల పేగులో దిగిద్ది. రెండు మూడు వారాలకల్లా మళ్ళీ తోక కింద గింజలు. ఆ ఇరవై రోజుల లెక్క ఇదే.

రెండో దారి ఎలక. ఇంకో జాతి బద్దె పురుగు, టీనియా, ఎలక కాలేయంలో తిత్తి కట్టుకుని కూచుంటది. పిల్లి ఎలకని తింటే అది పేగులోకి చేరిద్ది. ఏలిక పాము పిల్లలు కూడా ఎలక కండలో దాక్కుని ఎదురు చూస్తయ్. అంటే మనం ఏ పని కోసం పిల్లిని పెంచుతన్నామో, ఆ పనే దానికి జబ్బు తెస్తంది. ఎలకలు పట్టే పిల్లికి ఒకసారి మాత్ర వేసి ఊరుకుంటే కుదరదు అనేది ఇందుకే.

ఫ్లీ సంగతి ఇంకొంచెం చెప్పాలి. పిల్లి మీద మనకి కనపడేది మొత్తంలో పిసరంత. ఒక్క ఆడ ఫ్లీ రోజుకి 40, 50 గుడ్లు దాకా పెట్టిద్ది. అవి బొచ్చుకి అతుక్కోవు, రాలిపోతయ్. పిల్లి పడుకునే గోనె, పత్తి బోరెం, మంచం కింద దుమ్ము, ఇవే వాటి పొదుగుళ్ళు. గూడు కట్టుకున్న దశలో నెలల తరబడి ఆగి, మనిషో పిల్లో నడిచిన అదురు తగలగానే బయటికొస్తయ్. అందుకే పిల్లి ఒంటికి మందు వేసి పడకని వదిలేస్తే లాభం లేదు. గోనెని వేడినీళ్ళలో ఉడికించి ఉతకండి, లేకపోతే తగలబెట్టి కొత్తది వెయ్యండి. మూలలన్నీ ఊడ్చండి. వరసగా 3 నెలలన్నా ఈ పని సాగాలి.

పొలం మందు పిల్లికి ఎందుకు విషం

పోయిన పత్తి కాలంలో ఒక ఇంటికి పిలిచారు. పిల్లి గిలగిలా కొట్టుకుంటంది, నోట్లో నురగ, ఒళ్ళంతా వణుకు. ఏం చేశారమ్మా అంటే ఆ పెద్దామె చెప్పింది: "పురుగులు పట్టినయ్ అయ్యా, స్ప్రే డబ్బా అడుగున కొంచెం మిగిలితే గుడ్డతో తుడిచా." అది సైపర్‌మెత్రిన్. సబ్బు నీళ్ళతో కడిగాం, డాక్టరు కాడికి తీసకపోతంటే దారిలోనే పోయింది. ఆమె ఆ పిల్లికి మేలు చెయ్యబోయింది. ఆమెని తిట్టబుద్ధి కాలేదు నాకు, ఎందుకంటే ఈ ముక్క ఆమెకి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

సైపర్‌మెత్రిన్, పర్మెత్రిన్, డెల్టామెత్రిన్ — ఇవన్నీ సింథటిక్ పైరిత్రాయిడ్లు. గేదెలకి గోమార్లు పోవడానికి నీళ్ళలో కలిపి పూసేది కూడా చాలాసార్లు డెల్టామెత్రినే. గేదె తట్టుకుంటది, కుక్క కొంతవరకు తట్టుకుంటది, పిల్లి తట్టుకోదు. కారణం కాలేయంలో ఉంది. ఒంట్లోకి వచ్చిన ఇట్టాంటి రసాయనాలకి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని అతికించి బయటికి పంపే పని మన కాలేయం బాగా చేసిద్ది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. పైగా ఒంటి మీద పూసిన ప్రతిదీ అది నాకి కడుపులో వేసుకుంటది. కుక్కల కోసం చేసిన ఫ్లీ మందుల్లో కూడా కొన్నిట్లో పర్మెత్రిన్ ఉంటది. "కుక్కకి వేశాం, మిగిలింది పిల్లికి వేద్దాం" అనుకుంటే ఇదే గతి.

చదువుకున్న కుర్రాళ్ళు ఇంకో ప్రశ్న అడుగుతారు. "అన్నా, పిల్లి మందు పాకెట్ మీద ఫిప్రోనిల్ అనే ఉంది. మిరపలో తామర పురుగుకి కొట్టేది కూడా ఫిప్రోనిలే గదా? ఇమిడాక్లోప్రిడ్ కూడా రెండుచోట్లా ఉంది గదా?" ప్రశ్న మంచిదే. పేరు ఒకటే, సరుకు వేరు. పొలం డబ్బాలో ఆ మందుతో పాటు ఆకుకి అంటుకోవడానికి, నీళ్ళలో కలవడానికి వేసిన వేరే రసాయనాలు ఉంటయ్. అవి చర్మం మీదకి, కడుపులోకి పోయేవి కావు. పిల్లి మందు అర మిల్లీలీటరు లెక్కన, మెడ వెనక నాలిక అందని చోట వెయ్యడానికి తయారైంది. ట్యాంకుకి ఇంత అని కలిపే చేత్తో 3 కిలోల జీవానికి మోతాదు కట్టలేం.

పొగాకు కషాయం కూడా అంతే. ప్రకాశం వైపు పశువులకి గోమార్లు పోవడానికి పొగాకు నీళ్ళు పూసే అలవాటు ఉంది. నికోటిన్ పిల్లికి విషం. వెల్లుల్లి, ఉల్లి తినిపిస్తే నట్టలు చస్తయ్ అనేది ఇంకో మాట. నట్టల సంగతేమో గానీ అవి పిల్లి రక్తకణాల్ని పగలగొడతయ్. జ్వరంగా ఉందని పారాసిటమాల్ వేసేవాళ్ళూ ఉన్నారు. మనం వేసుకునే ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి.

పొరపాటున పొలం మందు ఒంటికి తగిలిందా, గోరువెచ్చటి నీళ్ళు, అంట్లు తోమే లిక్విడ్ సబ్బుతో బాగా కడగండి. తుడిచి, వెచ్చటి గుడ్డలో చుట్టి, మందు డబ్బా లేబుల్ ఫొటో తీసుకుని డాక్టరు కాడికి పరిగెత్తండి. వాంతి చేయించబోమాకండి. నూనె, పాలు పొయ్యమాకండి.

మరి ఏం మందు, ఎప్పుడు

ఏలిక పాముకి, కొంకి పురుగుకి పైరాంటెల్ గానీ ఫెన్‌బెండజోల్ గానీ పనిచేస్తయ్. బద్దె పురుగుకి ప్రాజిక్వాంటెల్ కావాలి. ఫ్లీ వల్ల వచ్చే బద్దె పురుగుకి ఫెన్‌బెండజోల్ పనిచెయ్యదు. పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్ రెండూ కలిసిన పిల్లి మాత్రలు దొరుకుతయ్. డాక్టరు బరువు చూసి రాసిస్తారు.

బరువు అనేది ఇక్కడ ప్రాణం లాంటిది. 4 క్వింటాళ్ళ గేదె కోసం చేసిన బోలస్‌ని 3 కిలోల పిల్లికి సరిపెట్టాలంటే దాన్ని 130 ముక్కలు చెయ్యాలి. అది ఎవరి వల్లా కాదు. పశువులకి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ సంగతీ అంతే, కంటి అంచనాతో వేస్తే కూనల ప్రాణం మీదకి వచ్చిద్ది. మనింట్లో పత్తి తీతలప్పుడు కూలీల మూటలు తూచే వేలాడే కాటా ఉంటది గదా. పిల్లిని గుడ్డ సంచిలో పెట్టి దానికి తగిలిస్తే బరువు తెలిసిపోద్ది. కూనలైతే కిరాణా కొట్టు కాటా చాలు. ఆ అంకె రాసుకుని డాక్టరుకి చెప్పండి.

బళ్ళో పిల్లకాయలకి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర అల్బెండజోల్. ఈ కార్యక్రమం 2015లో మొదలైంది, అది పిల్లకాయలకి మంచి మందు, తప్పకుండా వేయించండి. ఇంట్లో మిగిలిందని పిల్లికి మాత్రం వెయ్యమాకండి. పిల్లుల్లో అది ఎముక మూలుగని దెబ్బతీసి రక్తకణాలు తయారు కాకుండా చెయ్యగలదు.

ఇక ఎప్పుడెప్పుడు అంటే, కూనకి 3 వారాలు నిండగానే మొదటి మోతాదు. తల్లికి కూడా అదే రోజు. తర్వాత రెండు వారాలకోసారి, కూనకి పదో వారం వచ్చేదాకా. అక్కడి నుంచి 6 నెలల వయసు దాకా నెలకోసారి. పెద్ద పిల్లికి 3 నెలలకోసారి. బాగా వేటాడే పిల్లికి డాక్టరు ఇంకా దగ్గర దగ్గరగా కూడా చెప్పొచ్చు. తేదీలు గుర్తుండవు అంటారా, పండగలు గుర్తుంటయ్ గదా. సంక్రాంతి, ఉగాది, తొలి ఏకాదశి, దసరా. ఈ నాలుగూ దాదాపు మూడేసి నెలల దూరంలో ఉంటయ్. మనం పిండివంటలు తినే రోజు పిల్లికి మాత్ర.

వెయ్యడం కూడా బ్రహ్మవిద్య కాదు. ఒకరు దుప్పట్లో మెడ దాకా చుట్టి పట్టుకోవాలి. ఇంకొకరు తల కొంచెం పైకెత్తి, నోటి మూలల కాడ పట్టుకుని కింది దవడ తెరిచి, నాలిక వెనక మాత్ర జారవిడవాలి. నోరు మూసి గొంతు కింద నిమిరితే మింగిద్ది. వెంటనే సూది లేని సిరంజితో ఒక చుక్క రెండు చుక్కల నీళ్ళు పట్టాలి. ఎండు చేప ముక్కలో పెట్టినా తింటది గానీ, చేప తిని మాత్ర ఊసే పిల్లులు చాలా ఉన్నయ్. చూసుకోండి.

ఎనిమిది వారాలు నిండని కూనకి ఫ్లీ మందులు చాలావరకు పనికిరావు. సన్న దువ్వెనతో దువ్వి, ఆ దువ్వెనని సబ్బు నీళ్ళలో ముంచడమే దానికి మందు.

ఒకే మందుని అరకొర మోతాదులో పదే పదే వేస్తే ఏమైద్దో మన నేలకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో పైరిత్రాయిడ్లు కొట్టీ కొట్టీ, చివరికి తెల్లదోమా కాయతొలిచే పురుగూ మందుకి లొంగకుండా పోయినయ్. 1987-88లో అప్పులపాలై ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో మన పెద్దోళ్ళకి తెలుసు. నట్టలు కూడా జీవాలే, అవీ మందుకి అలవాటు పడతయ్. అమెరికాలో, ఆస్ట్రేలియాలో కుక్కల కొంకి పురుగులు మందులకి లొంగడం లేదని ఇప్పటికే తేలింది. అందుకే పూర్తి మోతాదు, సరైన మందు, సరైన రోజు. వీలైతే ముందు దొడ్డి పరీక్ష చేయించండి. అగ్గిపెట్టెలో కొంచెం తాజా దొడ్డి తీసకపోతే పశువుల ఆసుపత్రిలో మైక్రోస్కోపు కింద గుడ్లు చూసి ఏ నట్టో చెప్తారు.

ఇసక కుప్ప, పిల్లకాయలు

"పిల్లికి నట్టలుంటే మాకేంది" అనేవాళ్ళకి ఇది చెప్పాలి. ఏలిక పాము గుడ్లు పిల్లి దొడ్డితో మట్టిలో పడతయ్. పిల్లి ఎక్కడ పడితే అక్కడ పోదు, తవ్వి పూడ్చడానికి వీలుగా మెత్తటి నేల చూసుకుంటది. మన ఊళ్ళల్లో అట్టాంటి చోటు ఏది? ఇల్లు కట్టడానికి తోలిన ఇసక కుప్ప. అదే ఇసకలో సాయంత్రం పిల్లకాయలు గుజ్జనగూళ్ళు కట్టుకుంటారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు.

ఆ గుడ్డు మనిషి పేగులో పగిలితే అందులోని పిల్ల పురుగు దారి తప్పిద్ది. మనిషి దాని ఇల్లు కాదు కాబట్టి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, ఒక్కోసారి కంట్లో తిరిగిద్ది. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అనే ఆమె, క్యాన్సర్ అనుమానంతో తీసేసిన పిల్లల కళ్ళని పరీక్షిస్తే వాటిల్లో పురుగు పిల్లలు కనపడినయ్. 1952లో పాల్ బీవర్, ఆయన తోటివాళ్ళు ఈ జబ్బు కుక్కల, పిల్లుల ఏలిక పాముల వల్ల వస్తందని తేల్చారు. ఇట్టా కంటిదాకా పోవడం అరుదే. కానీ అడ్డుకోవడం ఇంత తేలికైనప్పుడు అరుదు అని ఊరుకోవడం ఎందుకు?

భయపడి పిల్లిని సంచిలో కట్టి ఊరవతల వదిలేసి రావక్కర్లేదు. పిల్లిని నిమిరితే వచ్చే జబ్బు కాదిది. పడ్డ గుడ్డు ఆ రోజే ఎవరికీ అంటుకోదు, అది ముదరడానికి మట్టిలో 2 నుంచి 4 వారాలు పట్టిద్ది. కాబట్టి రోజూ పిల్లి దొడ్డి తీసి లోతుగా పూడ్చేస్తే ముదిరిన గుడ్డు పిల్లకాయల చేతికి అంటే అవకాశం బాగా తగ్గిద్ది. ఇసక కుప్ప మీద మిరపకాయలు ఆరబోసే పట్టా ఒకటి కప్పండి. పిల్లి కోసం పాత ప్లాస్టిక్ తొట్టిలో కొంచెం ఇసక పోసి ఒక మూల పెట్టండి, అదే అలవాటు పడిద్ది. గుడ్డుకి నీడ, తేమ బలం. ఎండ, ఎండిపోవడం చావు. దొడ్లో మబ్బుగా, తడిగా ఉండే మూలకి ఎండ తగలనియ్యండి. పెరట్లో కోసిన కొత్తిమీర, గోంగూర బాగా కడగండి. పిల్లకాయలు చేతులు కడుక్కోనిదే కంచం ముందు కూచోనియ్యమాకండి. కొంకి పురుగు పిల్లలు తడి మట్టిలోంచి చర్మం గుండానే దూరగలవు, అందుకని వాళ్ళ కాళ్ళకి చెప్పులుండాలి.

ఎలకల మందు పెట్టే ఇళ్ళల్లో ఒక మాట. బ్రోమాడియోలోన్ తిన్న ఎలకని పిల్లి తింటే పిల్లికి కూడా ఆ విషం ఎక్కిద్ది. పిల్లి ఉన్న ఇంట్లో బోను వాడండి. పిల్లికి పూట పూటా తిండి పెట్టండి. కడుపు మాడిస్తేనే వేటాడిద్ది అనేది వట్టి మాట. వేట దాని రక్తంలో ఉంది, కడుపు నిండినా పట్టిద్ది, కాకపోతే పట్టిన ప్రతిదాన్నీ తినదు.

లెక్కలో లేని జీవం

2019 నాటి 20వ పశుగణనలో ఆవుల్నీ గేదెల్నీ లెక్కపెట్టారు. కుక్కనీ, కుందేలునీ, ఏనుగునీ కూడా లెక్కపెట్టారు. పిల్లిని లెక్కపెట్టలేదు. లెక్కలో లేనిదానికి మందుల ఇండెంట్‌లో చోటు ఉండదు. గొర్రెలకీ మేకలకీ నట్టల మందు తాపే కార్యక్రమాలు ఊళ్ళోకి వస్తయ్, మంచిదే. ఆ మనిషి గుమ్మంలో ఉన్నప్పుడే పిల్లి సంగతి అడిగితే ఆయన కిట్టులో దానికి సరిపడే మందు ఉండదు. ఆ ఖాళీలోకే స్ప్రే డబ్బా వస్తంది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో, మండలం పశువుల ఆసుపత్రిలో పిల్లి నట్టల మాత్రలు కొన్ని ఉంచాలి. పురుగుమందుల కొట్లో "ఇది పిల్లికి, కుక్కకి పూయకూడదు" అని తెలుగులో ఒక కాగితం అంటించాలి. బళ్ళో నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజున ఇంట్లో పిల్లి సంగతి, ఇసక కుప్ప సంగతి కూడా పిల్లకాయలకి రెండు నిమిషాలు చెప్పాలి. ఇది చదివే మీలో చాలామందికి ఊళ్ళో వాట్సాప్ గ్రూపులు ఉన్నయ్. పత్తి రేటు, మిరప యార్డు రేటు పెట్టేది అందులోనే గదా. దాంట్లో ఒక్క ముక్క పెట్టండి: పిల్లికి పురుగు పడితే బరువు తూచి డాక్టరుని అడగండి, దగ్గర్లో ఎవరూ లేకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి సలహా అడగండి, స్ప్రే డబ్బా మాత్రం ముట్టుకోమాకండి.